గోటి మీద రసాయనశాల

ఆషాఢమాసం వచ్చిందంటే మా అమ్మమ్మ గోరింటాకు రుబ్బించేది. రాత్రి భోజనాలయ్యాక పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, వేళ్ళకి టోపీలు తొడిగినట్టు ముద్దలు పెట్టేది. తెల్లారి లేచేసరికి గోళ్ళు ఎర్రగా పండేవి. ఆకులో ఉండే లాసోన్ అనే రంగు పదార్థం, గోటిలో ఉండే కెరాటిన్ అనే మాంసకృత్తుని పట్టుకోవడం వల్లనే ఆ ఎరుపు అని కాలేజీలో చదువుకున్నాను. పెట్టడానికి అమ్మమ్మకి ఏ శిక్షణా అవసరం లేకపోయింది. ముద్ద పలచబడితే రంగు తక్కువ పండేది, అంతకు మించి నష్టం ఉండేది కాదు.

ఇప్పుడు అమెరికాలో మన ఆడపిల్లలు గోళ్ళకి పెట్టుకునేది ఎక్కువగా జెల్ పాలిష్. రెండు మూడు వారాలు చెక్కు చెదరదు, అద్దంలా మెరుస్తుంది. సెలూన్‌కి వెళ్తే ఖర్చు ఎక్కువని చాలామంది కిట్టు కొనుక్కుని ఇంట్లోనే వేసుకుంటున్నారు. ఈ నెల వ్యాసం ఆ కిట్టు గురించి. దీన్ని రాయడానికి నాకు రెండు అర్హతలు ఉన్నాయి. మొదటిది, ఆప్టికల్ ఫైబర్ మీద వేసే పూతలు తయారుచేసే కంపెనీలో కెమిస్టుగా పదిహేనేళ్ళు పనిచేశాను. గాజు పోగు మీద మేం వేసే పూతా, గోటి మీద వేసే జెల్లూ ఒకే వంశానికి చెందినవి. రెండో అర్హత చెప్పుకోదగ్గది కాదు. ఆ కిట్లని నేను కూడా అమ్మాను.

మా దుకాణం కథ

2020లో కోవిడ్ వల్ల సెలూన్లు మూతపడ్డాయి. మా పెద్ద తోడికోడలికి ఒక ఆలోచన వచ్చింది. సెలూన్లకి సరుకు సరఫరా చేసే ఒక టోకు వ్యాపారి దగ్గర జెల్ సీసాలు పెట్టెలకొద్దీ కొని, వాటితోపాటు చవకగా దొరికిన ఎల్.ఈ.డి. దీపం ఒకటి కలిపి, కిట్టుగా మన తెలుగువాళ్ళకి అమ్మడం. టెక్సస్‌లో మా ఇంటి గరాజే గోడౌను. "నువ్వు కెమిస్టువి కదా, కరపత్రం నువ్వు రాసిపెట్టు" అంది. నేను రాశాను. 'సెలూన్ నాణ్యత, మీ ఇంట్లోనే, ముప్ఫై నిమిషాల్లో' అని. సీసాల మీద చిన్న అక్షరాలతో 'ప్రొఫెషనల్స్ వాడకానికి మాత్రమే' అని ఉంది. అది చూసి మేం భయపడలేదు సరికదా, అదే మా ప్రచారమైంది. "అండీ, ఇది మామూలు సరుకు కాదు, సెలూన్ వాళ్ళు వాడేది" అని చెప్పేవాళ్ళం. దీపావళి మేళాలో బల్ల వేస్తే సాయంత్రానికి సరుకంతా అయిపోయింది. కొన్నవాళ్ళలో హైస్కూలు పిల్లలు కూడా ఉన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం వేస్తుంది. ఆఫీసులో అదే జాతి రసాయనాన్ని ముట్టుకోవాలంటే నాకు చేతి తొడుగులు, కళ్ళద్దాలు, పొడుగు కోటు ఉండాలి. ఏటా భద్రతా శిక్షణ తీసుకుని సంతకం పెట్టాలి. చర్మం మీద చుక్క పడితే రిజిస్టరులో రాయాలి. వారాంతంలో మాత్రం ఆ రసాయనాన్నే పదిహేనేళ్ళ పిల్ల చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని, నవ్వుతూ పంపించాను. చిన్న సీసాలో, అందమైన రంగుతో వచ్చేసరికి అది రసాయనమన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

2022 వేసవిలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. విజయవాడ దగ్గర బి.డి.ఎస్. చదివి, ఇక్కడ మళ్ళీ దంతవైద్యం చదవడానికి పరీక్షలు రాసి సీటు సంపాదించుకున్న పిల్ల. మా దగ్గరే కిట్టు కొని ఏడాదిగా వాడుతోంది. "అక్కా, వేళ్ళ చివర్లు పగిలి రసి కారుతున్నాయి. కనురెప్పలు వాచిపోయాయి. చర్మం డాక్టరుకి చూపిస్తే మెథాక్రిలేట్ ఎలర్జీ అన్నారు. కాలేజీలో పళ్ళకి ఫిల్లింగులు పెట్టే మందుల్లో కూడా అవే ఉంటాయట కదా, నా చదువు ఏమవుతుంది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కూర్చుని, నాకు తెలిసిన కెమిస్ట్రీనే మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను. ఆ పాఠమే మీకు చెప్తున్నాను.

వడియాలు ఎండటం, ఇడ్లీ ఉడకటం

మామూలు గోళ్ళరంగు ఎలా ఆరుతుంది? అందులో నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం, ఎసిటేట్ జాతి ద్రావకాల్లో కరిగి ఉంటుంది. వేసిన తరవాత ద్రావకం గాలిలోకి పోతుంది, పలచని పొర మిగులుతుంది. గోటి మీద రసాయన చర్య ఏదీ జరగదు. డాబా మీద వడియాలు ఎండబెట్టడం లాంటిదన్నమాట. నీరు పోయింది, పిండి మిగిలింది, అంతే.

జెల్ అలా కాదు. దాన్ని ఎంతసేపు గాలికి పెట్టినా ఆరదు. అందులో ప్రధానంగా మూడు రకాల సరుకులు ఉంటాయి. ఒకటి, ఒలిగోమర్లు. ఇవి మధ్యస్థంగా పెద్ద బణువులు, పొరకి బలాన్నిచ్చేవి. (మాలిక్యూల్ అనే మాటకి బణువు అని వాడుతున్నాను.) రెండు, మోనోమర్లు. ఇవి చిన్న బణువులు, జెల్‌ని పలచగా జారేటట్టు చేసి, గోటిని అంటిపెట్టుకునేలా చేస్తాయి. మూడు, ఫోటో ఇనీషియేటర్. దీన్ని అగ్గిపుల్ల అనుకోండి. వెలుగు తగలగానే ఇది రెండు ముక్కలై ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు పుడతాయి. ఒక్కొక్క ముక్కా ఒక మోనోమర్‌ని పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని, ఆ ఇంకోటి మరోదాన్ని. రైలుపెట్టెలు ఒకదానికొకటి తగిలించుకున్నట్టు గొలుసు పెరుగుతుంది. ఒలిగోమర్లకి రెండువైపులా కొక్కేలుంటాయి కనక గొలుసులు అడ్డంగా కూడా ముడిపడి వలలా తయారవుతాయి. కొన్ని సెకన్లలో తేనె లాంటి ద్రవం గట్టి ప్లాస్టిక్ అవుతుంది. దీన్నే సెలూన్ భాషలో క్యూర్ అవడం అంటారు.

ఇది వడియాలు ఎండటం కాదు, ఇడ్లీ ఉడకటం. పిండి వేరే పదార్థంగా మారుతోంది. ఇడ్లీకి పిండి ఎంత ముఖ్యమో, రేకు లోతూ, ఆవిరీ, సమయమూ అంతే ముఖ్యం కదా. ఒక్కటి తప్పినా పైన ఉడికినట్టు కనపడి లోపల పచ్చిపిండి ఉంటుంది. ఇడ్లీ అయితే పుల్లతో గుచ్చి చూస్తాం. గోటి మీద జెల్‌ని గుచ్చి చూసే పుల్ల లేదు. తగలవలసిన కొక్కేల్లో సగమో కాస్త ఎక్కువో తగులుకునేసరికే పొర గట్టిగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. లోపల ఇంకా ఎంత మోనోమర్ ఒంటరిగా మిగిలిపోయిందో కంటికి తెలియదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

దీపం సంగతి

మా కిట్టులో మేం చేసిన పెద్ద తప్పు దీపం. జెల్ ఒక చోటా, దీపం ఒక చోటా కొన్నాం. దీపం దీపమే కదా అనుకున్నాం.

ఫోటో ఇనీషియేటర్ అన్ని వెలుగులకీ స్పందించదు. ఒక్కొక్కదానికి తనకి నచ్చిన తరంగదైర్ఘ్యం ఉంటుంది. పాత యు.వి. ట్యూబు దీపాలు సుమారు 365 నానోమీటర్ల చుట్టూ విశాలమైన పట్టీలో వెలుగునిస్తాయి. ఎల్.ఈ.డి. దీపాల్లో కొన్ని 365, కొన్ని 405, కొన్ని రెండూ కలిపి ఇస్తాయి. 365 దగ్గర పనిచేసే ఇనీషియేటర్ ఉన్న జెల్‌ని 405 మాత్రమే ఇచ్చే దీపం కింద పెడితే, తడిసిన అగ్గిపుల్లని గీసినట్టు ఉంటుంది. కొన్ని అంటుకుంటాయి, చాలావరకు అంటుకోవు.

రెండోది, వాట్ల మోసం. '48 వాట్లు' అని దీపం మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. వాట్లు అంటే ఆ దీపం కరెంటు ఎంత తీసుకుంటుందనే లెక్క. గోటి మీద చదరపు సెంటీమీటరుకి ఎంత వెలుగు పడుతోందన్నది వేరే లెక్క. అది బల్బుల అమరిక మీద, లోపలి అద్దాల మీద, గోటికీ బల్బుకీ ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. నాలుగు వేళ్ళు బాగా పడి బొటనవేలు పక్కకి వాలిపోతే, బొటనవేలికి సగం వెలుగే. ట్యూబు దీపాలైతే వాడేకొద్దీ నీరసపడతాయి. నీలం రంగు మాత్రం వెలుగుతూనే ఉంటుంది కనక మనకి తెలియదు.

మూడోది, మందం. చిన్న లెక్క చెప్తాను. ఒక పలచని పొర తన మీద పడ్డ వెలుగులో సగం మింగి, సగం కిందికి వదులుతుందనుకుందాం. పొర మందం రెండింతలు చేస్తే అడుగుకి చేరేది పావువంతు. మూడింతలు చేస్తే ఎనిమిదోవంతు. రంగు ముదురైతే ఇంకా అన్యాయం. నలుపు, ముదురు ఎరుపు, బాగా దట్టమైన తెలుపు వెలుగుని పైపైనే ఆపేస్తాయి. అలవాటు లేనివాళ్ళు 'రెండు పొరలెందుకు, ఒకటే దట్టంగా వేద్దాం' అనుకుంటారు. పైన అద్దంలా గట్టిపడుతుంది, అడుగున గోటిని ఆనుకున్న చోట పచ్చిగా ఉండిపోతుంది.

నాలుగోది, పై జిగట. దీపంలోంచి చెయ్యి తీశాక చాలా జెల్‌ల మీద జిగురు లాంటి పొర మిగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఫ్రీ రాడికల్స్‌ని మధ్యలోనే పట్టేసుకుంటుంది కనక పైపొర క్యూర్ కాదు. ఆ జిగట అంతా పచ్చి మోనోమరూ, ఒలిగోమరూనే. దాన్ని ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి, వేలితో తాకకూడదు. మా కిట్టు కొన్నవాళ్ళలో చాలామంది 'ఆరిందా లేదా' అని వేలితో నొక్కి చూసేవాళ్ళు. ఒకే గుడ్డతో పది గోళ్ళూ తుడిచి, ఆ జిగురునే వేళ్ళ చుట్టూ చర్మానికి పట్టించేవాళ్ళు. నేను రాసిన కరపత్రంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

కంట్లో పెట్టుకునే హెమా

జెల్ బేస్‌కోటుల్లో ఎక్కువగా కనిపించే మోనోమర్ పేరు హైడ్రాక్సీఈథైల్ మెథాక్రిలేట్. ముద్దుగా హెమా. ఈ హెమా కథ వింటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

చెక్ రసాయన శాస్త్రవేత్త ఓటో విక్టర్లే ఇదే హెమాని గొలుసులుగా కట్టి మెత్తని ప్లాస్టిక్ చేశాడు. 1961 చివర్లో తన ఇంట్లోనే, పిల్లలు బొమ్మలు కట్టుకునే మెర్కూర్ సెట్టు భాగాలతో చిన్న యంత్రం తయారుచేసి, మెత్తని కాంటాక్ట్ లెన్సులు పోతపోశాడు. 1971లో అమెరికాలో వాటికి అనుమతి వచ్చింది. కోట్లమంది కళ్ళలో పెట్టుకున్నారు. కన్ను లాంటి సుకుమారమైన చోట ఇబ్బంది పెట్టని పదార్థం, వేలి చర్మాన్ని ఎందుకు పగలగొడుతోంది?

సమాధానం ఒక్కటే. లెన్సులో హెమా గొలుసు కట్టేసింది, మిగిలిన ఒంటరి బణువుల్ని ఫ్యాక్టరీలోనే కడిగేస్తారు. గొలుసు కట్టిన బణువు చాలా పెద్దది, చర్మంలోకి దూరలేదు. ఒంటరి హెమా బణువు భారం 130. సుమారు 500 కంటె తేలికైన బణువులు చర్మపు పైపొరని దాటి లోపలికి వెళ్ళగలవని చర్మశాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉంది. 130 అంటే తలుపు బార్లా తెరిచినట్టే. కాబట్టి 'హెమా మంచిదా, చెడ్డదా' అన్న ప్రశ్నకి అర్థం లేదు. 'గొలుసు కట్టిందా, కట్టలేదా. చర్మానికి తగిలిందా, లేదా' అన్నదే ప్రశ్న.

ఒంటికున్న జ్ఞాపకశక్తి

చర్మంలోకి దూరిన ఒంటరి హెమా ఊరుకోదు. దాని కొక్కెం ఖాళీగా ఉంది కదా, మన మాంసకృత్తులకే తగులుకుంటుంది. చర్మంలో కాపలా కాసే కణాలు ఈ కొత్త ఆకారాన్ని చూసి, 'ఇది మన మనిషి కాదు' అని దగ్గర్లోని లింఫు గ్రంథికి కబురు తీసుకెళ్తాయి. అక్కడ టి-కణాలు ఆ ఆకారాన్ని గుర్తుపెట్టుకుని సంఖ్య పెంచుకుంటాయి. ఇదంతా చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. దురద ఉండదు, మంట ఉండదు. 'నేను ఏడాదిగా వాడుతున్నాను, నాకేం కాలేదు' అని ధీమాగా చెప్పేవాళ్ళలో కొందరికి లోపల ఈ తతంగం నడుస్తూ ఉండవచ్చు.

ఒకరోజు ఆ సైన్యం సిద్ధమవుతుంది. ఆ తరవాత మోనోమర్ చిటికెడు తగిలినా, ఒకటి రెండు రోజుల్లో చర్మం ఎర్రబడి, పొక్కి, పగిలి, రసి కారుతుంది. గోరు కింది మాంసం నుంచి లేచిపోవచ్చు. వేళ్ళతో ముఖం తాకుతాం కనక కనురెప్పల మీదా, మెడ మీదా కూడా దద్దుర్లు వస్తాయి. ముఖానికి రాసుకున్న క్రీముని అనుమానిస్తారు గాని గోళ్ళ మీదికి దృష్టి పోదు. తగిలిన వెంటనే కాకుండా ఆలస్యంగా వస్తుంది కనక కారణం పట్టుకోవడం కష్టం. డాక్టరు వీపు మీద చిన్న చిన్న అట్టలు అంటించి చేసే ప్యాచ్ టెస్టు వల్లే తేలుతుంది.

ముఖ్యమైన సంగతి, ఈ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. జెల్ మానేస్తే పుండ్లు తగ్గుతాయి, ఎలర్జీ మాత్రం పోదు. మెథాక్రిలేట్లు గోళ్ళ దుకాణంలోనే ఉన్నాయా? పంటి ఫిల్లింగుల్లో, వాటిని అతికించే బాండింగ్ మందుల్లో హెమా ఉంటుంది. మోకాలి చిప్ప మార్పిడిలో ఎముకకీ లోహానికీ మధ్య పెట్టే సిమెంటు మిథైల్ మెథాక్రిలేట్‌తో చేసిందే. ఒక మెథాక్రిలేట్‌ని గుర్తుపెట్టుకున్న ఒళ్ళు దాని దాయాదుల్ని కూడా పోల్చుకోవచ్చు. ఇరవై ఏళ్ళప్పుడు గోళ్ళ సరదా, అరవై ఏళ్ళప్పుడు మోకాళ్ళ డాక్టరుకి చెప్పుకోవలసిన విషయం అవుతుంది.

దంతవైద్యానికీ గోళ్ళకీ ఈ చుట్టరికం కొత్తది కాదు. 1954లో ఫ్రెడరిక్ స్లాక్ అనే దంతవైద్యుడు తన విరిగిన గోటికి పళ్ళకి వాడే ఆక్రిలిక్‌తో మరమ్మతు చేసుకోవడం వల్లనే ఆక్రిలిక్ గోళ్ళు పుట్టాయని చెప్తారు. మా అమ్మాయి విషయంలో ఆ చుట్టరికమే శాపమైంది.

2018లో బ్రిటిష్ చర్మవైద్యుల సంఘం ఒక హెచ్చరిక చేసింది. బ్రిటన్, ఐర్లండ్‌లలో 13 చర్మవిభాగాల్లో 4,931 మందికి పరీక్ష చేస్తే 2.4 శాతం మందికి ఏదో ఒక ఆక్రిలేట్ జాతి ఎలర్జీ బయటపడింది. ఈ అంకెని జాగ్రత్తగా చదవాలి. వీళ్ళు చర్మబాధలతో ఆస్పత్రికి వచ్చినవాళ్ళు, వీధిలో వెళ్ళే జనం కాదు. కాబట్టి 'వందలో ఇద్దరికి వస్తుంది' అని దీనికి అర్థం కాదు. కాని ఇది అరుదైన వింత కాదన్నది మాత్రం స్పష్టం.

చట్టం ఏమంటోంది?

యూరోపియన్ యూనియన్ 2020లో ఒక నియమం చేసింది. హెమా, దాని పెద్దక్క డై-హెమా ఉన్న గోళ్ళ సరుకులు వృత్తిదారుల వాడకానికి మాత్రమే. సీసా మీద ఆ మాటా, 'ఎలర్జీ కలిగించవచ్చు' అన్న మాటా ఉండాలి. 2021 నుంచి అది అమలులో ఉంది. తరవాత టి.పి.ఓ. అనే ఫోటో ఇనీషియేటర్‌ని 2025 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా నిషేధించారు. దానికి కారణం ఎలర్జీ కాదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో సంతానోత్పత్తికి హాని కనిపించడం. రెండింటినీ కలిపి గందరగోళపడకూడదు. టి.పి.ఓ. లేని జెల్ అయినంత మాత్రాన చర్మానికి సురక్షితం అయిపోదు.

అమెరికాలో పద్ధతి వేరు. రంగులని మినహాయిస్తే సౌందర్య సాధనాలకి ఎఫ్.డి.ఎ. ముందస్తు అనుమతి అక్కర్లేదు. 1970ల మొదట్లో నూటికి నూరుపాళ్ళు మిథైల్ మెథాక్రిలేట్ ఉన్న గోళ్ళ ద్రావకాల మీద ఎఫ్.డి.ఎ. కోర్టుకి వెళ్ళి వాటిని బజారునుంచి తీయించింది గాని, హెమా మీద అలాంటి కేంద్ర నిషేధం లేదు. 2022 డిసెంబరులో వచ్చిన సౌందర్య సాధనాల ఆధునికీకరణ చట్టం ప్రకారం, వృత్తిదారుల కోసమే చేసిన సరుకు మీద 'లైసెన్సు ఉన్నవారే వాడాలి' అని స్పష్టంగా రాయాలి, దినుసుల జాబితా కూడా ఇవ్వాలి. రాష్ట్రాల బోర్డులు లైసెన్సు ఇస్తాయి. టెక్సస్‌లో 600 గంటలు, కాలిఫోర్నియాలో 400, న్యూయార్క్‌లో 250 గంటలు చదవాలి. ఇంగ్లండులో అయితే గోళ్ళ పనికి తప్పనిసరి లైసెన్సే లేదు.

అంటే ఒకే సీసా, ఒకే రసాయనం, సముద్రం దాటితే వేరే మర్యాద. పారిస్‌లో నేను మేళాలో బల్ల వేసి ఆ కిట్టు అమ్మి ఉంటే నేరం. టెక్సస్‌లో ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి తప్పు కాదని నేను అనుకున్నాను.

'ప్రొఫెషనల్' అంటే ఏమిటి?

ఇక్కడ రెండోవైపు వాదన కూడా చెప్పాలి. మా తోడికోడలు గట్టిగానే వాదించింది. "ఇదంతా సెలూన్లవాళ్ళు తమ వ్యాపారం కాపాడుకోవడానికి పెట్టుకున్న గీత. జుట్టు రంగు ఇంట్లో వేసుకోవడం లేదా? వంటింట్లో బ్లీచు లేదా? ఆడవాళ్ళు తమ గోళ్ళకి తాము రంగు వేసుకోవడానికి కూడా ఎవరి అనుమతో కావాలా?" అంది. అందులో న్యాయం లేకపోలేదు. పైగా ఈ ఎలర్జీ తరచుగా వచ్చేవాళ్ళలో గోళ్ళ పనివాళ్ళే ముందుంటారు, రోజంతా ముట్టుకునేది వాళ్ళే కనక. లైసెన్సు ఉన్నంత మాత్రాన చర్మం మందమైపోదు.

కాని శిక్షణలో నేర్పేదేమిటో చూడండి. జెల్‌ని చర్మానికి తగలకుండా, గోటి అంచుకి వెంట్రుకవాసి ఎడం ఉంచి వెయ్యడం. తగిలితే దీపంలో పెట్టక ముందే తుడవడం. ఏ జెల్‌కి ఏ దీపమో, ఎన్ని సెకన్లో. పలచగా వెయ్యడం. ఒలిచెయ్యకుండా, గీకకుండా నానబెట్టి తియ్యడం. దురద అని ఎవరైనా అంటే ఆపెయ్యడం. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, కాని చేతికి అలవాటు కావాలి. వృత్తి సరుకు తయారుచేసేవాడు ఆ అలవాటు ఉందని నమ్మి సీసా నింపుతాడు. ఆ నమ్మకమే సీసా మీద 'ప్రొఫెషనల్' అన్న మాట. అది నాణ్యతకి ముద్ర కాదు, వాడేవాడి మీద పెట్టిన షరతు. నేను ఆ షరతుని చించేసి, దాన్నే పొగడ్తగా మార్చి అమ్మాను.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇంట్లో వాడుకునే హక్కు ఉంది. దానికి తగ్గ సరుకు ఇంటి కోసమే తయారుచెయ్యాలి. దీపమూ జెల్లూ జోడీగా, ఒకే తయారీదారు పరీక్షించి ఇచ్చినవై ఉండాలి, చర్మంలో దూరే చిన్న మోనోమర్లు లేకుండా ఉండాలి, సూచనలు కొన్నవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి. సెలూన్ డబ్బాని విప్పి, ఏదో దీపం జతచేసి, ఎవరికి పడితే వారికి అమ్మడం మాత్రం కూడదు.

ఇంట్లో వాడేవాళ్ళకి

వాడవద్దని నేను చెప్పినా వాడతారు కనక, కొన్ని జాగ్రత్తలు చెప్తాను.

జెల్ ఏ కంపెనీదో దీపం కూడా ఆ కంపెనీ సూచించినదే వాడండి. చెప్పిన సెకన్లు పూర్తిగా పెట్టండి, బొటనవేళ్ళు విడిగా పెట్టండి. పొర పలచగా వెయ్యండి.

చర్మానికి తగిలితే దీపంలో పెట్టకుండా ముందు తుడవండి. పై జిగటని వేలితో తాకకండి. గుడ్డ తరచు మార్చండి.

దీపంలో మంట పుడితే చెయ్యి వెంటనే తీసెయ్యండి. గొలుసు కట్టేటప్పుడు వేడి పుట్టడం సహజమే, భరించలేనంత మంట పుడితే పొర మందంగా ఉందని అర్థం.

పలచని నైట్రైల్ తొడుగులు వేసుకుంటే చాలని ధీమా పడకండి. మెథాక్రిలేట్లు వాటిగుండా నిమిషాల్లో దాటిపోతాయి. మరక పడితే తొడుగు వెంటనే మార్చాలి.

'హెమా-ఫ్రీ' అన్న మాట చూసి మురిసిపోకండి. హెమా బదులు హైడ్రాక్సీప్రొపైల్ మెథాక్రిలేట్ లాంటి దాయాదిని వేసి ఉండవచ్చు. దినుసుల జాబితాలో చివర మెథాక్రిలేట్ అని ఉన్న పేర్లన్నీ చదవండి. జాబితా లేని సీసా కొనకండి.

దురద, గోళ్ళ చుట్టూ ఎరుపు, కనురెప్పల వాపు కనిపిస్తే ఆ రోజే ఆపండి. 'ఈ ఒక్క పెళ్ళికీ వేసుకుని మానేస్తాను' అనుకోవద్దు. చర్మం డాక్టరుకి గోళ్ళ జెల్ వాడుతున్నట్టు మీ అంతట మీరు చెప్పండి. ఎలర్జీ తేలితే పంటి డాక్టరుకీ, ఆపరేషను చేసే డాక్టరుకీ కూడా చెప్పాలి.

చిన్నపిల్లలకి జెల్ వెయ్యకండి. వాళ్ళకి ఇంకా డెబ్బై ఏళ్ళ పంటి వైద్యం ముందుంది.

చివరికి

మా అమ్మాయి చదువు మానలేదు. కాలేజీలో విషయం దాచకుండా చెప్పింది. మెథాక్రిలేట్లని ఆపగలిగే, పొరలు పొరలుగా చేసిన ప్లాస్టిక్ తొడుగు లోపల, దాని పైన మామూలు తొడుగు వేసుకుని పనిచెయ్యడం నేర్చుకుంది. బాండింగ్ మందుని చేత్తో తాకకుండా పరికరాలతోనే పట్టుకుంటుంది. రెండు తొడుగులతో సన్నపని చెయ్యడం ఎంత కష్టమో ఆమె ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు గాని, నాకు తెలుసు. నేను క్షమించమని అడిగితే, "మీకు తెలిసి చేశారా అక్కా" అంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తెలియాల్సిన మనిషిని నేనే. తెలిసిన విద్య నా దగ్గర ఉంది, దాన్ని గరాజు దాకా తీసుకురాలేదు.

మిగిలిన సరుకు మేం పారబొయ్యలేదు. పచ్చి జెల్‌ని కాలవలో పొయ్యకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు. కౌంటీవాళ్ళు ఇళ్ళనుంచి ప్రమాదకర రసాయనాలు తీసుకునే చోటుకి డబ్బాలు పట్టుకెళ్ళాం. అక్కడి ఉద్యోగి మందపాటి తొడుగులు వేసుకుని, సీసాలు ఒక్కొక్కటీ చూసి, పెయింటు డబ్బాల పక్కన పెట్టాడు. మా తోడికోడలు అది చూసి చాలాసేపు మాట్లాడలేదు. కారెక్కాక, "ఇన్నాళ్ళూ వీటిని మనం ఉత్త చేతులతో సర్దామే" అంది. తరవాత మా ఖాతా పుస్తకం తీసి, కొన్నవాళ్ళందరికీ ఇద్దరం కూర్చుని ఫోన్లు చేశాం. కొందరు విన్నారు, కొందరు విసుక్కున్నారు. ముగ్గురు మాత్రం, "అయ్యో, నా కనురెప్పలు కూడా వాస్తున్నాయండీ" అన్నారు.

మీ ఇంట్లో కూడా ఒక కిట్టు ఉండే ఉంటుంది. ఈ వ్యాసం చదవడం అయ్యాక ఆ సీసా తిప్పి, చిన్న అక్షరాలు చదవండి.